డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు – బోదకాలి మందు

మూసీతీరమున వసించు మనకు దోమకాటు క్రొత్తది కాదు. మురుగునీట పెరుగు క్యూలెక్సు దోమయే బోదకాలు వ్యాధిని వ్యాపింపజేయును. ఆ వ్యాధికి మందు కనుగొన్న పరిశోధకబృందమునకు నాయకుడు తెలుగువాడని మన విద్యార్థులలో నెందరెరుగుదురు?

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి మూడవమారు కృతార్థులైరి. (పరీక్ష తప్పిన బాలురు ఈ వాక్యమును మరియొకసారి చదువుకొనవచ్చును.) మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని యాగ్రహమునకు గురియైనందున వారికి ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను. స్ప్రూ అను గ్రహణి వ్యాధికి సోదరులిరువురు కొలదిదినములలోనే బలియైరి. ఆ దుఃఖము వారిని జీవితాంతము విడువలేదు. అమెరికా కేగి హార్వర్డులో పనిచేసి, 1940లో లెడర్లీ ఔషధసంస్థలో చేరిరి. అచట వారి బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. స్ప్రూ చికిత్సకు అది యెంతయో తోడ్పడెను.

యుద్ధకాలమున పసిఫిక్ ద్వీపములలో సైనికులకు బోదకాలి పురుగు సోకుటచే, మందు కొరకు అన్వేషణ తీవ్రమాయెను. లెడర్లీవారు కాటన్ ర్యాట్ అను ఎలుకలపై పెక్కు రసాయనములను పరీక్షించి, 1947లో డైఇథైల్ కార్బమజైనును, అనగా హెట్రజానును, ప్రకటించిరి.

ఈ మందు పనిచేయు తీరు మిక్కిలి వింతయైనది. పురుగు పిల్లలను గాజునాళికలో నుంచి, వైద్యులిచ్చు మోతాదున మందు పోసినను అవి చావవు. రోగి మ్రింగినచో స్వల్పకాలములోనే రక్తమునుండి మాయమగును! కాలేయమున చిక్కుకొన్న పురుగు పిల్లలను భక్షకకణములు చుట్టుముట్టి నాశనము చేయుచున్నవని తరువాతి పరిశోధకులు చూచిరి. 2005లో ఎలుకలపై జరిగిన పరిశోధనలో, నైట్రిక్ ఆక్సైడును పుట్టించు ఒక ఎంజైము లేని జంతువులయందు మందు నిష్ఫలమాయెను. చంపునది మందొక్కటియే కాదు, శరీరముకూడ అన్నమాట.

మరి మందు లేనప్పుడు శరీరమేల ఊరకుండును? పురుగు మిక్కిలి జిత్తులమారి. రక్తమందలి టి-కణములలో కొన్ని ఇతరకణములను పోరునకు పురికొల్పును. కొన్ని పోరు మితిమీరకుండ అణచును. పురుగు ఈ రెండవ తెగను పెంపొందించి, ఇంటర్‌ల్యూకిన్-10 అను శాంతిసంకేతమును అధికము చేయించును. అందుచే లక్షలకొలది పిల్లలు రక్తమున తిరుగుచున్నను మనిషి ఆరోగ్యవంతునివలె కనబడవచ్చును. కొందరియందు ఇందుకు విరుద్ధముగా ఇయోసినోఫిల్ కణములు విజృంభించి ఊపిరితిత్తులను బాధించి, రాత్రివేళ దగ్గును తెచ్చును. ఆ రోగమునకును ఈ మందే వాడుదురు.

ఈ సంగతులేవియు సుబ్బారావుగారు ఎరుగరు. 1948 ఆగస్టులో, ఏబదిమూడవయేట, నిద్రలోనే గుండెపోటుతో గతించిరి.

మనదేశమున 1955లో ఆరంభమైన బోదకాలి నివారణ పథకమున ఈ మందునే వాడిరి; 2004 నుండి వ్యాధిగల జిల్లాలలో ఇంటింటికి పంచిరి. మాత్ర పిల్లపురుగులను తొలగించునే గాని పెద్దపురుగులనన్నిటిని చంపజాలదు. అవి కొన్నియేండ్లు బ్రతికి మరల పిల్లలను కనును. కావుననే మాత్రను ఏటేట మ్రింగవలసియున్నది.