పరుగుల వీరుడు జాటోపెక్

కోలారు సీమలో పుట్టిన కెన్నెత్ పావెల్ 1964లో టోక్యో ఒలింపిక్ క్రీడలలో మన దేశపు రిలే జట్టులో పరుగెత్తాడు. ఒక్కొక్కరు వంద మీటర్లు పరుగెత్తే ఆ పందెం నిమిషంలోపే ముగుస్తుంది. దూరపు పరుగు సంగతి వేరు. మారథాన్ దూరం 42 కిలోమీటర్ల 195 మీటర్లు. అంటే కోలారు నుండి కె.జి.ఎఫ్.కు వెళ్లి, తిరుగుదారిలో మూడవ వంతుకు పైగా వచ్చినంత. అంత దూరమూ సత్తువను పొదుపుగా వాడుకోవాలి. ఆ విద్యలో ఆరితేరినవాడు ఎమిల్ జాటోపెక్.

ఎమిల్ 1922 సెప్టెంబరు 19న చెకొస్లొవేకియాలోని కొప్రివ్నిత్సె అనే ఊరిలో ఒక వడ్రంగి ఇంట జన్మించాడు. పేద కుటుంబం, పిల్లలు ఎక్కువ. అందువల్ల చిన్న వయసులోనే జ్లీన్ పట్టణంలోని బాటా చెప్పుల కర్మాగారంలో పనికి కుదిరాడు. మన ఊళ్ల అంగళ్లలో కనబడే బాటా చెప్పులకు పుట్టినిల్లు అదే. పద్దెనిమిదేళ్లప్పుడు పరుగుపందెంలో పాల్గొనమని కర్మాగారంవారు అతణ్ణి ఆదేశించారు. తాను బలహీనుడనని చెప్పి తప్పించుకోజూశాడు. వైద్యుడు పరీక్షించి ఏ లోపమూ లేదన్నాడు. విధిలేక పరుగెత్తిన ఎమిల్ సుమారు వందమందిలో రెండవవాడుగా వచ్చాడు.

ఆ కాలంలో దూరపు పరుగువారు చాలామంది నెమ్మదిగా, ఎక్కువ దూరం పరుగెత్తి సాధన చేసేవారు. ఎమిల్‌కు అది నచ్చలేదు. నెమ్మదిగా పరుగెత్తడం తనకు ఎలాగూ వచ్చు, నేర్వవలసింది వేగమే గదా అనుకున్నాడు. 400 మీటర్ల చుట్టును వేగంగా పరుగెత్తేవాడు. కొంతదూరం మెల్లగా కదులుతూ ఊపిరి కూడదీసుకొని మళ్లీ వేగం అందుకొనేవాడు. ఇలా ఒక్కరోజులో నలభైసార్లు! మధ్యమధ్య కాస్త విశ్రాంతి దొరుకుతుంది గనుక మొత్తంమీద ఎక్కువ దూరం వేగంగా పరుగెత్తవచ్చు; గుండె, ఊపిరితిత్తులు ఆ శ్రమకు అలవాటుపడతాయి. అంతకుముందు కొందరు ఈ పద్ధతిని పాటించినా ఇంత కఠోరంగా చేసినవారు లేరు. సైన్యంలో చేరిన తరువాత బరువైన బూట్లతో మంచులోనూ పరుగెత్తాడు. ఏండ్ల తరబడి రాటుదేలిన శరీరానికే ఇది తగును. పిల్లలు అనుకరించదగినది కాదు.

అతడి పరుగు చూడముచ్చటగా ఉండేది కాదు. తల ఒక పక్కకు వాలేది, ముఖం వంకరలు తిరిగేది. చూసేవారికి ఇక పడిపోతాడేమో అనిపించేది. అయినా 1948 లండన్ ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లలో స్వర్ణం, 5,000 మీటర్లలో రజతం గెలిచాడు.

1952 జూలైలో హెల్సింకీలో 20వ తేదీన 10,000 మీటర్లు, 24వ తేదీన 5,000 మీటర్లు గెలిచాడు. 24నే భార్య డానా ఈటె విసరడంలో స్వర్ణం సాధించింది. ఆమె పుట్టినదీ ఎమిల్ పుట్టిన రోజునే! అంతటితో ఆగక ఎమిల్ 27న మారథాన్‌కు సిద్ధపడ్డాడు. అంతకుముందు అతడు ఒక్కసారైనా మారథాన్ పరుగెత్తి ఎరుగడు. అందుకే ఆ పరుగులో అప్పటికి ప్రపంచంలో మేటి అయిన ఇంగ్లండు వీరుడు జిమ్ పీటర్స్ పక్కనే నడిచాడు. వేగం సరిపోతుందా అని దారిలో అతణ్ణే అడిగాడు. పీటర్స్ చాలదన్నాడు. ఎమిల్ వేగం పెంచాడు. పీటర్స్ అలసి మధ్యలోనే విరమించుకున్నాడు. ఎమిల్ 2 గంటల 23 నిమిషాలలో గమ్యం చేరాడు. ఒకే ఒలింపిక్స్‌లో ఈ మూడు పందేలూ గెలిచినవారు మరొకరు నేటికీ లేరు.

1954లో 10,000 మీటర్లను 29 నిమిషాలలోపు పరుగెత్తిన మొదటివాడయ్యాడు. ఆస్ట్రేలియాకు చెందిన రాన్ క్లార్క్ ఎన్నో ప్రపంచ రికార్డులు నెలకొల్పినా ఒలింపిక్ స్వర్ణం దక్కించుకోలేకపోయాడు. ఎమిల్ తన స్వర్ణ పతకాలలో ఒకదాన్ని అతడికి ఇచ్చివేశాడు.

1968లో తన దేశ ప్రజలకు మరింత స్వేచ్ఛ కావాలన్నవారి పక్షాన ఎమిల్ నిలిచాడు. సోవియట్ సేనల ప్రవేశాన్ని బహిరంగంగా నిరసించాడు. సైన్యంలో కొలువు పోయింది. దేశమంతటా పేరున్న మనిషి ఇల్లు విడిచి, భూమిని తొలిచి ఖనిజాలు వెతికే బృందాలతో కొన్నేళ్లు కష్టపడి పనిచేశాడు. 2001లో మూతపడిన కె.జి.ఎఫ్. గనులలో చెమటోడ్చిన కుటుంబాల పిల్లలకు ఆ పని ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు. 1990లో ప్రభుత్వం అతడి గౌరవాన్ని తిరిగి ఇచ్చింది. ఎమిల్ 2000 నవంబరులో ప్రాగ్ నగరంలో మరణించాడు.