విక్రం సారాభాయి

1919 ఆగస్టు 12న అహమ్మదాబాదున ఒక మిల్లు యజమానుల ఇంట జన్మించిన విక్రం సారాభాయి 1947లో భౌతికశాస్త్ర పరిశోధనాలయమును స్థాపించిరి.

భూమి యొక్క అయస్కాంత మధ్యరేఖపై, నూరు కిలోమీటర్ల యెత్తున, పగటివేళ గొప్ప విద్యుత్ప్రవాహము సాగును. బెలూనునకు అది అందదు, ఉపగ్రహము దానికి మిక్కిలి పైన తిరుగును, రాకెట్టే శరణ్యము. అందులకై ఆ రేఖ చెంతనున్న తుంబాను ఎన్నుకొనిరి. బెస్తపల్లె చర్చియే తొలి కార్యాలయము! 1963 నవంబరు 21 సంధ్యవేళ అచట తొలి రాకెట్టు లేచెను. పేదదేశమున కిదియేల యని ఆక్షేపించినవారును లేకపోలేదు, వారు వెనుదీయలేదు.

1971 అక్టోబరు 9న మన శ్రీహరికోటనుండి తొలి రాకెట్టు ఎగసెను. ఆ డిసెంబరు 30న, 52 ఏండ్లకే, కోవళమున వారు కన్నుమూసిరి. భూమధ్యరేఖాప్రాంతపు అయానోమండలమున అయానుల సాంద్రతను, ఉష్ణోగ్రతను కొలిచిన స్రాస్-సి2 ఉపగ్రహము 1994 మే 4న ఆ శ్రీహరికోటనుండియే వెడలెను.