వచన పితామహుడు హళకట్టి : నియమనిష్ఠలే విజయసోపానములు

మానవుడు జీవితమున విజయము నొందుటకు మేధాశక్తి యొక్కటియే చాలదు. ధనబలమును చాలదు. తెలివిగలవారు పెక్కుమంది తాము ప్రారంభించిన కార్యమును నడుమనే విడిచిపెట్టుటయు, సామాన్యులుగా కనిపించువారు కొందరు పట్టిన పట్టు విడువక గమ్యమును చేరుటయు మనము నిత్యము చూచుచున్న విషయమే. ఈ భేదమునకు కారణము వారి వారి దినచర్యలోనే యున్నది. కాలమును వ్యర్థము చేయకుండుట, చిన్న పనినైనను శ్రద్ధతో చేయుట, ఆటంకము కలిగినపుడు క్రుంగిపోక వేరొక దారి వెదకుట, తన సంపాదనను తనకొరకే దాచుకొనకుండుట అను గుణములు మనుష్యుని ఉన్నతునిగా చేయును. బసవేశ్వరుడు కాయకమనియు దాసోహమనియు రెండు మాటలలో బోధించిన ధర్మమునందు ఈ గుణములన్నియు ఇమిడియున్నవి. ఆ ధర్మమును ఇరువదవ శతాబ్దమున ఆచరించి చూపిన మహనీయులు శ్రీ ఫకీరప్ప గురుబసప్ప హళకట్టి గారు. కన్నడ దేశము వారిని వచన పితామహుడని గౌరవించుచున్నది.

హళకట్టి గారు 1880వ సంవత్సరము జులై 2వ తేదీన ధార్వాడ పట్టణమున జన్మించిరి. తండ్రి గురుబసప్ప గారు ఉపాధ్యాయులు, రచయిత. పసితనముననే తల్లిని కోల్పోయిన ఆ బాలునకు పుస్తకములే తోడైనవి. అప్పటి బొంబాయి రాష్ట్రమున చేరియున్న ఆ కన్నడ ప్రాంతములలో కన్నడమునకు ఆదరణ కొరవడియుండెను. హళకట్టి గారు ధార్వాడలో చదువు ముగించి, బొంబాయి నగరమున సెయింట్ జేవియర్ కళాశాలలో చేరి పట్టభద్రులైరి. పిదప న్యాయశాస్త్రమును అభ్యసించి 1904లో న్యాయవాద పట్టమును పొందిరి. కొలదికాలము బెళగావిలో వృత్తి నారంభించి, తరువాత బీజాపురమున స్థిరపడిరి. నేడు విజయపురమని పిలువబడుచున్న ఆ పట్టణమే వారి జీవితకాలపు కర్మభూమి యయ్యెను.

యువకుడైన ఒక న్యాయవాది ముందు రెండు మార్గములుండెను. వ్యాజ్యములు నడిపి, ఆస్తి గడించి, సుఖముగా జీవించుట మొదటిది. అందుకు వలసిన చదువు, వాక్పటిమ, పలుకుబడి వారికి గలవు. రెండవ మార్గము 1903లో రబకవి గ్రామమున వారి కంటబడినది. అచ్చట ఒక గృహమున వారు వచనములు వ్రాసియున్న తాళపత్ర గ్రంథములను చూచిరి. పన్నెండవ శతాబ్దమున కల్యాణ పట్టణమందు శివశరణులు పలికిన అనుభవవాణి ఆ యాకులలో నిలిచియుండెను. ఇంతటి సంపద వెలుగు చూడక మూలబడియుండుట వారి మనస్సును కలచివేసెను. ఆ దినమున కలిగిన సంకల్పమును వారు అరువది సంవత్సరములు విడువలేదు.

ఈ సంకల్పము ఎంత గొప్పదో తెలియవలెనన్న వచనములకు పట్టిన దుర్దశను కొంత తెలిసికొనవలెను. బిజ్జలుని కాలమున కల్యాణమందు చెలరేగిన కల్లోలమునకు శరణులు నలుదిక్కులకు చెదరిపోయిరి. వారితోపాటు వారి వచనములును చెదరినవి. పదునైదవ శతాబ్దమున విజయనగర ప్రభువైన ప్రౌఢదేవరాయల కాలమున విరక్తులు, లక్కణ్ణ దండేశుడు మున్నగువారు శరణ సాహిత్యమును మరల కూర్చిరి. ఆ తరువాత శతాబ్దములు గడచినకొలది తాళపత్రములు మఠములలోను, గృహములలోను పూజాపీఠముల కెక్కెను. వాటికి విభూతి పూసి, పువ్వులు పెట్టి మ్రొక్కుచుండిరే గాని విప్పి చదువువారు అరుదైరి. పూజలందుకొనుచుండగనే చెదపురుగులు వాటిని తినివేయుచుండెను. మరియొక తరము గడచియుండినచో ఎందరు శరణుల పేర్లు శాశ్వతముగా మాసిపోయియుండెడివో ఊహింపవచ్చును.

హళకట్టి గారు ఊరూర తిరిగి ఈ గ్రంథములను సేకరింప మొదలిడిరి. కొందరు సంతోషముతో ఇచ్చిరి. కొందరు పెద్దలనాటి పూజావస్తువును పరులచేతి కియ్యుటకు వెనుదీసిరి. అట్టివారిని నిందింపక, వాదింపక, ఓర్పుతో నచ్చజెప్పి వారు గ్రంథములను సంపాదించిరి. న్యాయవాదికి వాదనమే వృత్తి. అయినను పని సాధింపవలసినచోట వాదనము కంటె వినయమే ఎక్కువ ఫలించునని వారు గ్రహించిరి. క్రమముగా వారి యిల్లు వేయికి మించిన తాళపత్ర గ్రంథములకు నిలయమయ్యెను.

గ్రంథము దొరకుటతో పని ముగియదు. అసలు పని అప్పుడే మొదలగును. తాళపత్రములలో పదములకు నడుమ ఎడముండదు. విరామ చిహ్నములుండవు. అంచులు విరిగిన యాకులలో అక్షరములు లోపించును. ఒక ప్రతిలో నున్న పాఠము మరియొక ప్రతిలో నుండదు. ఏ వచనము ఏ శరణునిదో దాని యందలి అంకితమును బట్టి నిర్ణయింపవలెను. కూడలసంగమదేవ యని యున్నది బసవణ్ణది. గుహేశ్వర యని యున్నది అల్లమప్రభువుది. చెన్నమల్లికార్జున యని యున్నది అక్కమహాదేవిది. కూడలచెన్నసంగమదేవ యన్నచో చెన్నబసవణ్ణది. ఇట్లు వేరుపరచి, ప్రతులను పోల్చి, శుద్ధప్రతిని వ్రాసి, భక్తస్థలము మొదలు ఐక్యస్థలము వరకు గల షట్స్థల క్రమమున అమర్చవలెను. న్యాయస్థానపు పనులు పోగా మిగిలిన వేళ నంతయు హళకట్టి గారు దీనికే వినియోగించిరి. తీరిక దొరకినపుడు చేయుదమనుకొన్నవారికి తీరిక ఎన్నడును దొరకదు. ఉన్న కాలములో కొంత భాగమును ప్రతిదినము వేరుగా తీసియుంచినవారికే మహాకార్యములు సిద్ధించును. వారి జీవితము నేర్పు మొదటి పాఠ మిదియే.

ఇట్లు ఇరువది సంవత్సరములు శ్రమించిన పిదప వచనశాస్త్రసారము ప్రథమభాగము సిద్ధమయ్యెను. దానిని ముద్రించుటకు పేరుగల ముద్రణాలయ మొకటి అంగీకరింపలేదు. వేరొకరైనచో ఆ వ్రాతప్రతిని పెట్టెలో పెట్టి తాళము వేసికొందురు. హళకట్టి గారు నిరాశ చెందలేదు. వేరొక ముద్రణాలయమును వెదకి 1923లో బెళగావి యందు గ్రంథమును అచ్చొత్తించిరి. కన్నడ సాహిత్యచరిత్రయందు ఆ సంవత్సరము మరువరానిది. అంతకుముందు పండితులకు సైతము శరణులు కొలదిమందియే తెలియుదురు. హళకట్టి గారి కృషివలన రెండువందలకు పైబడిన వచనకారుల పేర్లు లోకమునకు తెలిసినవి. రాజ్యమంత్రి మొదలు కట్టెలు మోయువాని వరకు, రాణివాసమును వీడిన అక్క మొదలు బియ్యపు గింజ లేరుకొని జీవించిన స్త్రీ వరకు శివశరణులందరు మరల మాటలాడిరి.

ఒకసారి కలిగిన యిబ్బంది మరల కలుగకుండ జాగ్రత్తపడుట వివేకుల లక్షణము. ప్రతి గ్రంథమునకును ఇతరులను బ్రతిమాలుట యెందుకని తలచి, హళకట్టి గారు 1925లో బీజాపురముననే హితచింతక మను ముద్రణాలయమును స్థాపించిరి. దానికి ధనము చాలకపోగా తమ స్వంత యింటిని విక్రయించిరి. ఇల్లు కట్టి చూడుమందురు పెద్దలు. కట్టిన యింటిని అమ్మి, ఆ సొమ్ముతో అచ్చుయంత్రమును కొనుట ఇంకను కష్టమైన కార్యము. ఆ త్యాగమున వారి కుటుంబమునకును భాగము గలదు. ఇల్లాలు, బిడ్డలు ఆ లేమిని సహించి నిలువనిచో ఆ కార్యము సాగెడిది కాదు. గొప్పవారి జీవితములను వ్రాయునపుడు ఈ సంగతి మనము తరచుగా మరచుచుందుము.

1926లో వారు శివానుభవ మను పత్రికను ప్రారంభించిరి. మరుసటి సంవత్సరము నవకర్ణాటక మను వారపత్రికను వెలయించిరి. చందాదారులు తక్కువ, ఖర్చు ఎక్కువ. రచనము, పరిష్కారము, అచ్చు తప్పులు దిద్దుట మొదలుగా పెక్కుపనులు వారిపైననే పడెను. అయినను శివానుభవ పత్రికను మూడు దశాబ్దములకు మించి నడిపిరి. పత్రికను ఆరంభించుట ఉత్సాహముతో జరుగు పని. ముప్పది సంవత్సరములు నడుపుటకు ఉత్సాహము చాలదు, నిష్ఠ కావలెను. హరిహర మహాకవి రగళెలు మున్నగు పెక్కు శివకవుల కృతులును వారి పరిష్కరణమున వెలువడినవి.

వచనములను పరిష్కరించినవారు తాము మాత్రము గ్రంథముల నడుమ కూర్చుండలేదు. వచనము చెప్పినది చేసి చూపవలెనని వారి నమ్మకము. బీజాపుర ప్రాంతమున విద్య వెనుకబడియుండుట చూచి 1910లో బీజాపుర లింగాయత విద్యాసంస్థను నెలకొల్పుటకు ముందునిలిచిరి. రైతులు వడ్డీవ్యాపారుల చేతులలో నలుగుట చూచి 1912లో సిద్ధేశ్వర సహకార బ్యాంకు స్థాపనకు పూనుకొనిరి. ఇన్ని సంస్థల ధనము వారి చేతులమీదుగా నడచినది. కాని సంస్థ సొమ్ము వేరు, తమ సొమ్ము వేరు అను నియమమును వారు తప్పలేదు. తమ సొమ్ము సంస్థలకు పోయినదే గాని సంస్థల సొమ్ము తమ యింటికి రాలేదు. నమ్మకమే మూలధనముగా గల సంస్థలు ఇట్టి నడవడి వలననే నిలుచును.

గౌరవములు వారిని వెదకికొని వచ్చినవి. నాడు మదరాసు రాష్ట్రమున చేరియుండి, తెలుగువారును హెచ్చుగా నివసించుచుండిన బళ్ళారిలో 1926లో జరిగిన కన్నడ సాహిత్య సమ్మేళనమునకు వారు అధ్యక్షులైరి. ప్రభుత్వము రావుబహద్దూర్ బిరుదు నిచ్చెను. కర్ణాటక విశ్వవిద్యాలయము 1956లో గౌరవ డాక్టరేటు పట్టమును సమర్పించెను. ఆచార్య బి.ఎం. శ్రీకంఠయ్య గారు బీజాపురమునకు వచ్చినపుడు, అచ్చటివారు గోలగుమ్మటమును చూపెదమనగా, వచనముల గుమ్మటమైన హళకట్టి గారిని ముందుగా చూడవలెనని కోరిరని పెద్దలు చెప్పుదురు. ఇంతటి పేరు వచ్చినను వారి వేషభాషలు మారలేదు. సాదా వస్త్రములు, మితాహారము, మితభాషణము, ఎడతెగని పని, ఇదియే వారి నిత్యజీవితము. 1964వ సంవత్సరము జూన్ మాసమున వారు లింగైక్యులైరి.

లోకము దృష్టితో చూచినచో హళకట్టి గారు గెలిచినవారా, ఓడినవారా అను సందేహము కొందరికి కలుగవచ్చును. వారితోపాటు వృత్తి నారంభించిన న్యాయవాదులు మేడలు కట్టియుందురు. వీరు ఉన్న యింటిని పోగొట్టుకొనిరి. కాని ఆ మేడలు ఎవరివో నేడు చెప్పువారు లేరు. వీరు సేకరించిన వచనములు మాత్రము కన్నడ దేశమున ఇంటింట పఠింపబడుచున్నవి. వీరు వేసిన పునాదిపైననే పండితులు కృషి సల్పగా, 1993లో కర్ణాటక ప్రభుత్వము సమగ్ర వచన సంపుటములను పదునైదింటిని ప్రకటించెను. తెలుగుతో సహా పెక్కు భారతీయ భాషలలోనికి వచనములు అనువదింపబడినవి. వీరి విద్యాసంస్థ వటవృక్షమై విశ్వవిద్యాలయము వరకు పెరిగినది. విజయపురమున వారి పేరిట పరిశోధన కేంద్రము పనిచేయుచున్నది. వారి జన్మదినమైన జులై 2వ తేదీని కర్ణాటకమున వచన సాహిత్య సంరక్షణ దినముగా జరుపుచున్నారు. కనుక విజయమనగా మనము కూడబెట్టినది కాదు, మన తరువాత నిలిచియుండునది.

తెలుగువారమైన మనకు ఈ చరిత్ర పరాయిది కాదు. పాల్కురికి సోమనాథుడు ద్విపదలో రచించిన బసవపురాణమును భీమకవి 1369లో కన్నడీకరించెను. ఆ విధముగా తెలుగునేల నుండి కన్నడ నేలకు బసవచరిత్ర వెళ్ళినది. హళకట్టి గారి కృషివలన కన్నడ నేల నుండి వచనములు మనకు లభించినవి. ఈ యిచ్చిపుచ్చుకొనుటలో మన ఋణము తీరలేదు.

శరణబంధువులారా! మన పల్లెలలో పాతయిండ్ల అటకలపైన, మఠముల మూలగదులలో ఎఱ్ఱగుడ్డలో చుట్టిన తాటాకుల కట్టలు ఇంకను కొన్ని మిగిలియుండవచ్చును. వాటికి విభూతి పూసి చేతులు జోడించుట భక్తియే. కాని అంతటితో ఆగరాదు. వాటిని విప్పించి, చదువగలవారికి చూపించి, ప్రాచ్యలిఖిత గ్రంథాలయములకు తెలియజేయుట అంతకంటె పెద్ద పూజ. అట్టి గ్రంథము మన యింట లేనివారము మన పిల్లలకు వేకువనే లేచుట, దినమునకు ఒక గంటయైనను మంచి పనికి కేటాయించుట, చేపట్టినదానిని ముగించుట, పరుల పైకమును ముట్టకుండుట నేర్పుదము. ఈ నాలుగు అలవాట్లకు ఖర్చు లేదు, సిఫారసు అక్కరలేదు. ఇవియే ధార్వాడలో పుట్టిన ఒక ఉపాధ్యాయుని కుమారుని ఒక జాతికి పితామహునిగా చేసినవి.