మౌలానా ఫజ్లె హక్ ఖైరాబాదీ: అండమాను ద్వీపములలో ఒక విద్యాపరంపర

పందొమ్మిదవ శతాబ్ది హిందూదేశమున అరబ్బీభాషలో తర్కశాస్త్రమును బోధించిన ఆచార్యులలో మౌలానా ఫజ్లె హక్ ఖైరాబాదీ అగ్రగణ్యుడు. ఆయన 1797లో అవధ్ రాజ్యమునందలి ఖైరాబాదు పట్టణమున జన్మించి, 1861లో అండమాను ద్వీపములలో యావజ్జీవ శిక్ష ననుభవించుచు మరణించెను. 1857 నాటి తిరుగుబాటుతో ముడివడి ఆయన పేరు లోకమున వీరగాథలలో వినబడుచున్నది. కాని తుది రెండేండ్లను విడిచినచో, ఆయన జీవితమంతయు పాఠము చెప్పుటతో పెనవేసికొన్నది. ఆ ఆచార్యత్వమును గుర్తింపనిదే ఆ తుది రెండేండ్ల యర్థము బోధపడదు.

మదరసా విద్యాక్రమము

ఆనాటి ఉత్తరదేశపు మదరసాలలో వాడుకలో నున్న పాఠ్యక్రమమునకు దర్సె నిజామీ యని పేరు. లక్నోలోని ఫిరంగీ మహల్ పండితుడు ముల్లా నిజాముద్దీన్ (మరణము 1748) దీనిని ఏర్పరచెను. శబ్దరూపశాస్త్రముతో మొదలుపెట్టి, వాక్యవ్యాకరణము, తర్కము, తత్త్వశాస్త్రము, గణితము, అలంకారము, ధర్మశాస్త్రము, ఖురాను వ్యాఖ్యానము, హదీసు అను శాస్త్రములను విద్యార్థి క్రమముగా చదువవలెను. అచ్చట చదువునకు కొలమానము తరగతి కాదు, గ్రంథము. శిష్యుడు మూలపంక్తిని పైకి చదువును. గురువు దానిలోని సందేహములను తానే లేవదీసి తానే తీర్చును. పిమ్మట శిష్యులు తమలో తాము ఆ పాఠమును మరల చెప్పుకొందురు. గ్రంథము పూర్తియైన పిమ్మట దానిని బోధించుటకు గురువిచ్చు అనుమతియే ఇజాజత్. అందు గురువు, ఆయన గురువు, ఆ పైవారు వరుసగా పేర్కొనబడుదురు. కావున మదరసా యనగా కట్టడము కాదు. ఒకరి నోట నుండి మరియొకరి చెవికి నడచు పరంపర.

ఈ క్రమములో మూడు కేంద్రములు మూడు విధములుగా ప్రసిద్ధి కెక్కినవి. షా వలీయుల్లా వంశీయుల ఢిల్లీ హదీసునకును, లక్నో ధర్మశాస్త్రమునకును, ఖైరాబాదు తర్కతత్త్వశాస్త్రములకును నెలవులు. ఆంధ్రుడగు అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహము సంస్కృత పాఠశాలలలో ఎట్టిదో, ఫజ్లె హక్ తండ్రి ఫజ్లె ఇమామ్ రచించిన మిర్ఖాత్ అను చిన్న తర్కగ్రంథము మదరసాలలో అట్టిది. రెండును బాలుర కొఱకు పుట్టి పండితులచేత వ్యాఖ్యానింపబడినవే.

విద్యాభ్యాసము, అధ్యాపనము

ఫజ్లె ఇమామ్ కంపెనీ ప్రభుత్వమున ఢిల్లీలో సద్రుస్సుదూర్ అను ఉన్నత న్యాయపదవి నలంకరించెను. కుమారుడు తర్కాది శాస్త్రములను తండ్రియొద్దను, హదీసును షా అబ్దుల్ ఖాదిర్ యొద్దను అభ్యసించి, పదుమూడవ యేటనే చదువు ముగించెను. అంతట తండ్రి తన శిష్యులలో కొందరిని అతని కప్పగించెను.

ఈ సందర్భమున ఒక వృత్తాంతము శిష్యపరంపరలో చెప్పబడుచున్నది. మందబుద్ధియు, వయసు మీరినవాడును, పేదయు నగు ఒక విద్యార్థి ఈ బాలగురువు నొద్దకు వచ్చెను. ఎంత చెప్పినను అతనికి పాఠము తలకెక్కలేదు. బాలుడు విసిగి, పుస్తకమును విసరివేసి అతనిని వెడలగొట్టెను. ఆ మాట విన్న తండ్రి కుమారుని పిలిపించి దండించెను. సుఖమున పెరిగి, కోరినవెంటనే గురువులు దొరికినవానికి విద్యార్థి విలువ తెలియదనియు, ఊరూర తిరిగి బిచ్చమెత్తి చదివినచో తెలియుననియు ఆ మందలింపు సారము. ఇది యథార్థమైనను కాకున్నను, ఆ సంప్రదాయము తన యుపాధ్యాయుని నుండి కోరిన గుణమేమో దీనివలన తెలియుచున్నది. బుద్ధిసూక్ష్మతకు పేరొందిన పాఠశాల తన అగ్రగణ్యుని గూర్చి భద్రపరచుకొన్న కథ ఆయన బుద్ధిని గూర్చినది కాదు. ఆయన ఓర్పును చక్కదిద్దిన దండనను గూర్చినది.

ఫజ్లె హక్ కొంతకాలము ఢిల్లీలో కంపెనీ కొలువున నుండి, దానిని వదలి ఝజ్జర్ నవాబు నాశ్రయించెను. పిమ్మట అల్వార్, టోంకు, రాంపూరు సంస్థానములలో నుండి, నవాబు వాజిద్ అలీ షా కాలమున లక్నోలో ఉన్నతపదవి నిర్వహించెను. ఎచ్చట నున్నను పాఠము నిలిచియుండలేదు. లక్నోలో ఆయనను దర్శించిన రహమాన్ అలీ యను చరిత్రకారుడు, ఆయన హుక్కా పీల్చుచు, చదరంగమాడుచు, అదే సమయమున ఒక శిష్యునకు కఠినమైన తత్త్వగ్రంథమును బోధించుట కాంచి, తన పండితచరితములో దానిని నమోదు చేసెను.

రాంపూరు నవాబు మహమ్మద్ సయీద్ ఖాన్ పేర ఆయన రచించిన హదియా సయీదియా పదార్థతత్త్వమును బోధించు అరబ్బీ గ్రంథము. సుల్లముల్ ఉలూమ్ అను తర్కగ్రంథమునకు ఖాజీ ముబారక్ వ్రాసిన వ్యాఖ్యపై ఆయన వ్రాసిన టిప్పణము పండితులకు పరీక్షాస్థానమైనది. కవి గాలిబు ఆయనకు ఆప్తమిత్రుడు. గాలిబు తన ఉర్దూ దీవానులోని దుర్బోధమైన పద్యములను తొలగించుటకు ఫజ్లె హక్ సలహాయే కారణమని సాహిత్యచరిత్రకారులు చెప్పుదురు.

ప్రవక్తతో సమానుడగు మరియొకనిని దేవుడు సృజింపగలడా యను ప్రశ్నపై షా ఇస్మాయీల్‌తో ఆయన సాగించిన వాదము ఆ కాలమున పెద్ద కలకలము రేపినది. షా ఇస్మాయీల్ ఆయన గురువగు షా అబ్దుల్ ఖాదిర్‌కు తమ్ముని కొడుకు. గురువంశీయునితో సైతము శాస్త్రమున తలపడుట ఆ పాఠశాలలో అవినయముగా ఎంచబడలేదు. అయినను ఆ వాదమున పుట్టిన చీలిక నేటికిని పూర్తిగా మానలేదు. తర్కవిద్య వెలుగుతోపాటు వేడిని గూడ పుట్టించుననుటకు ఇదియొక నిదర్శనము.

తిరుగుబాటు, శిక్ష

1856లో కంపెనీవారు అవధ్‌ను కలుపుకొనగా ఫజ్లె హక్ మరల అల్వారునకు పోయెను. 1857లో తిరుగుబాటు సాగుచుండగా ఢిల్లీకి వచ్చి, బహదూర్ షా దర్బారున పాల్గొని, సెప్టెంబరులో నగరము పడిపోయిన పిమ్మట అవధ్‌కు మరలెను. ఢిల్లీ పండితులు ప్రకటించిన జిహాదు ఫత్వాలో ఆయన పాత్ర ఎంతయను విషయమున పరిశోధకులలో భేదాభిప్రాయములు కలవు. ఆనాడు పత్రికలో అచ్చయిన ఫత్వాలో ఆయన సంతకము కానరాదు. 1859లో ఆయన పట్టుబడెను. లక్నోలో విచారణ జరిగి, ఆ సంవత్సరము మార్చిలో, తిరుగుబాటును ప్రేరేపించిన నేరమునకు యావజ్జీవ ద్వీపాంతరవాసమును, ఆస్తి జప్తును శిక్షగా విధింపబడెను. ఆ జప్తుతో ఆయన గ్రంథములును పోయినవి.

అండమానులో

అండమానులో ఖైదీల వలసస్థానము 1858 మార్చిలో నెలకొల్పబడినది. నేడు యాత్రికులు చూచు సెల్యులార్ కారాగారము 1906లో గాని పూర్తికాలేదు. కావున ఫజ్లె హక్ చూచినది కారాగారపు గోడలను గాక, అడవిని, కుండపోత వానను, జ్వరమును, సముద్రమును. తొలి సంవత్సరములలో వచ్చిన ఖైదీలు అడవి నఱకుచు, రోగములకు లోనై విశేషముగా మరణించిరి. తెలుగుదేశమునకు సన్నిహితమైన హైదరాబాదు నుండియు ఒక మౌల్వీ అచ్చటికి చేరెను. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్‌తో కలిసి బ్రిటిషు రెసిడెన్సీపై దాడి నడపిన మౌల్వీ అలాఉద్దీన్ ద్వీపాంతరశిక్ష పొంది, అండమానులోనే కన్నుమూసెను.

అరువదేండ్లు దాటిన తార్కికునకు అచ్చట చెత్తయెత్తు పని నియమింపబడెనని వాడుక. ఖగోళశాస్త్రమునకు చెందిన ఒక పారసీక గ్రంథమును సవరింపుమని ఒక అధికారి మరియొక మౌల్వీకి ఇయ్యగా, అతడు దానిని రహస్యముగా ఫజ్లె హక్‌కు చేర్చెననియు, ఆయన సవరణలను చూచి విస్మితుడైన అధికారి వెదకి వచ్చి, తట్ట మోయుచున్న వృద్ధుని చూచి ఖేదపడి, పనిని మార్పించెననియు చెప్పుదురు. ఊరూర తిరిగి బాధపడినగాని విద్యార్థి విలువ తెలియదన్న తండ్రి మందలింపునకు, విధి ఇంత క్రూరమైన వ్యాఖ్యానము వ్రాసినది.

ఈ ద్వీపములలోనే ఆయన సౌరతుల్ హిందియా యను అరబ్బీ గద్యప్రబంధమును, తిరుగుబాటును గూర్చిన ఖసీదాలను రచించెను. వీనిలో తన రోగమును, ఒంటరితనమును, నగరముల వినాశమును వర్ణించెను. అన్నిటికంటె గమనింపదగినది తిరుగుబాటునకు ఆయన చూపిన కారణముల వరుస. కొవ్వు పూసిన తూటాలను ఆయన పేర్కొనినను, వానిని తొలుత పేర్కొనలేదు. ఊరూర పాఠశాలలు స్థాపించి, బాలురకు తమ భాషను, మతమును నేర్పి, పూర్వపు మదరసాలను, విద్యలను రూపుమాపుటయే పాలకుల మొదటి ప్రయత్నమని ఆయన తలంచెను. ధాన్యవ్యాపారమును చేజిక్కించుకొనుట దాని తరువాతిది. ఆ యభిప్రాయము పూర్తిగా న్యాయమని చెప్పజాలము. ఢిల్లీ కళాశాలలో పాశ్చాత్యశాస్త్రము ఉర్దూభాషలోనే, మౌల్వీల సరసనే బోధింపబడినది. అయినను, రాజ్యనాశమును పాఠశాలా నాశముగా చూచిన ఈ దృష్టి సిపాయిది కాదు, జమీందారుది కాదు, ఆచార్యునిది.

ఆ రచనలను ద్వీపము దాటించినవాడు సహబందీ యగు ముఫ్తీ ఇనాయత్ అహ్మద్ కాకోర్వీ యని పరంపర చెప్పుచున్నది. ఆయన వృత్తాంతమును విడచినచో ఈ చరిత్ర అసంపూర్ణము. పుస్తకము లేవియు లేని ఆ తావున, జ్ఞాపకమే ఆధారముగా, ఆయన ఇల్ముస్సీగా యను అరబ్బీ శబ్దరూపశాస్త్రమును పారసీకమున రచించెను. ప్రవక్త చరిత్రమును ఉర్దూలో వ్రాసెను. ఒక అధికారి కొఱకు తఖ్వీముల్ బుల్దాన్ అను భూగోళగ్రంథమును అనువదించి, ఆ కారణముగా విడుదల పొందెను. పిమ్మట కాన్పూరున అధ్యాపనము చేసి, 1863లో హజ్ యాత్రకు పోవుచు నౌక మునిగి మరణించెను.

ఫజ్లె హక్‌కు విడుదల లభింపలేదు. 1861 ఆగస్టులో ఆయన అండమానులోనే మరణించెను. విడుదల ఉత్తరువుతో కుమారుడు ఓడ దిగునప్పటికి ఎదురుగా తండ్రి శవయాత్ర వచ్చెనని జనశ్రుతి. ఆయన సమాధి పోర్టు బ్లెయిరున కలదు. ఆ నగరమునకు 2024లో శ్రీవిజయపురమని పేరు మార్చబడినది.

శిష్యపరంపర

పదవి, ఆస్తి, గ్రంథములు హరింపబడినను పరంపర తెగలేదు. కుమారుడు అబ్దుల్ హక్ (1828–1899) రాంపూరునను, కలకత్తా మదరసాలోను బోధించి, తాతగారి మిర్ఖాత్‌కు వ్యాఖ్య వ్రాసెను. శిష్యులలో హిదాయతుల్లా ఖాన్ జౌన్‌పూరునందును, ఫైజుల్ హసన్ సహారన్‌పురీ లాహోరు ఓరియంటల్ కళాశాలయందును ప్రసిద్ధులైరి. ఫైజుల్ హసన్‌వద్ద అరబ్బీ సాహిత్యము చదివిన షిబ్లీ నూమానీ ఇరువదవ శతాబ్ది ఆరంభమున కొన్ని సంవత్సరములు హైదరాబాదులో విద్యాసంబంధమైన కొలువున నుండెను. అబ్దుల్ హక్ శిష్యుడు బర్కాత్ అహ్మద్ టోంకున బోధించెను. ఆయనవద్ద చదివిన మనాజిర్ అహ్సన్ గీలానీ (1892–1956) హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయమున చిరకాలము మతశాస్త్రాచార్యుడై యుండి, హిందూదేశపు ముస్లిముల విద్యావిధానమును గూర్చి ప్రామాణికమైన ఉర్దూ గ్రంథము రచించెను. ఈ రీతిగా ఖైరాబాదు తర్కపాఠము, ముగ్గురు గురువులను దాటి, తెలుగువారి నడుమ నున్న విశ్వవిద్యాలయమును చేరినది.

ద్వీపములలోను ముస్లిము విద్య అంతరింపలేదు. 1921 నాటి మలబారు తిరుగుబాటు పిమ్మట అచ్చటికి పంపబడిన మాపిళ్లలు దక్షిణ అండమానులో స్థిరపడి, తమ స్వస్థలముల పేర మంజేరి, తిరూరు, కాలికట్ మున్నగు గ్రామములను వెలయించి, మసీదులతోపాటు తమ మదరసాలనుగూడ నిలుపుకొనిరి.

ఫజ్లె హక్ మిక్కిలి ప్రేమించిన విద్య ప్రాచీన తత్త్వశాస్త్రము. నూతన భౌతికశాస్త్రము వ్యాపించిన కొలది దానికి పాఠ్యక్రమమున చోటు సన్నగిల్లినది. హదియా సయీదియా నేడు అరుదుగా చదువబడుచున్నది. కాని ఆయన సహబందీ, పుస్తకములు లేక, బాలుర కొఱకు వ్రాసిన చిన్న వ్యాకరణము నేటికిని వేలకొలది మదరసాలలో తొలి పాఠములలో నొకటి. పండితుని కీర్తికి మహాగ్రంథము ఆధారము కావచ్చును. విద్యను నిలిపినది మాత్రము, మందబుద్ధికి సైతము తెలియునట్లు చెప్పవలెనను ఓర్పు. ఖైరాబాదు వృద్ధాచార్యుడు బాల్యమున దండనవలన నేర్చుకొన్నది సరిగా ఈ పాఠమే.