తొలి ముసాయిదా రాసిన చేయి



గుమాస్తా పని ఎలాంటిదో మనకు తెలియనిది కాదు. ఫైలు వస్తే పాత ఉత్తర్వులు వెతకాలి, ఇటువంటి సందర్భంలో ఇంతకు ముందు ఏం చేశారో చూడాలి, నోటు రాసి ముసాయిదాతో పుటప్ చెయ్యాలి. సంతకం మాత్రం వేరొకరిది. యావత్ దేశానికీ అటువంటి ముసాయిదా రాసిపెట్టిన మహనీయులు సర్ బెనెగళ్ నర్సింగ్ రావు గారు.

వీరు 1887 ఫిబ్రవరి 26న మంగుళూరులో జన్మించారు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలోను, కేంబ్రిడ్జిలోను చదివి ఐ.సి.ఎస్.లో చేరి బెంగాలుకు వెళ్లారు. 1935 చట్టం వచ్చాక పాత చట్టాలన్నిటినీ దానికి అనుగుణంగా సవరించే పనిలో పాలుపంచుకున్నారు. ఆపైన కలకత్తా హైకోర్టు న్యాయమూర్తిగా, కాశ్మీర సంస్థాన ప్రధానిగా పనిచేశారు.

1946లో రాజ్యాంగ సభకు సలహాదారుగా నియమితులయ్యారు. వివిధ దేశాల రాజ్యాంగాలలోని నిబంధనలను సంపుటాలుగా కూర్చి సభ్యులకు అందజేశారు. 1947 అక్టోబరు నాటికి 243 అధికరణాలు, 13 షెడ్యూళ్లతో తొలి ముసాయిదా సిద్ధం చేశారు. డాక్టర్ అంబేద్కర్ గారి అధ్యక్షతన ముసాయిదా సంఘం దానిని పరిశీలించి, మార్చి, పెంచగా చివరకు 395 అధికరణాలు, 8 షెడ్యూళ్లయ్యాయి. అంబేద్కర్ గారు 1949 నవంబరు 25న సభలో ప్రసంగిస్తూ, తనకు వస్తున్న ప్రశంసలో కొంత భాగం రావు గారికి చెందుతుందని నిండు మనసుతో చెప్పారు.

పుస్తకాలు చదివి ఊరుకోక, 1947 చివరి నెలల్లో రావు గారు అమెరికా, కెనడా, ఐర్లండు, బ్రిటన్ దేశాలకు వెళ్లి అక్కడి వారిని కలిశారు. మన ప్రతిపాదనలలో వ్యక్తి స్వేచ్ఛకు సంబంధించి అమెరికా రాజ్యాంగంలోని డ్యూ ప్రాసెస్ అనే మాట ఉండేది. అంటే చట్టం న్యాయమైనదా కాదా అని కూడా కోర్టు చూడవచ్చునన్నమాట. అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఫ్రాంక్‌ఫర్టర్ ఆ మాట వద్దని సలహా ఇచ్చారు. ఆ మాట ఆధారంగానే అక్కడి కోర్టు 1905లో రొట్టెల కార్ఖానా పనివాళ్ల పనిగంటల చట్టాన్ని కొట్టివేసింది. మన సంస్కరణలకూ అదే గతి పడుతుందని రావు గారు తలచారు. ముసాయిదా సంఘం ఆ మాట తీసివేసి, జపాను 1946 రాజ్యాంగాన్ని అనుసరించి, చట్టం నిర్ణయించిన పద్ధతి అని రాసింది. అదే 21వ అధికరణం.

ఫలితం త్వరలోనే తెలిసింది. మద్రాసు రాష్ట్రంలో విచారణ లేకుండా నిర్బంధంలో ఉన్న ఎ.కె. గోపాలన్ కేసులో, 1950లో, చట్టం ఒక పద్ధతి చెబితే చాలు, అది న్యాయమైనదా అని తాము చూడబోమని సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పునిచ్చింది. 1978లో మేనకా గాంధీ కేసులో గాని ఆ పద్ధతి సక్రమంగా, న్యాయంగా ఉండాలన్న మాట స్థిరపడలేదు. శ్రామికుల మేలు కోరి తీసివేసిన మాట ఖైదీకి కీడు చేసింది. తిరిగి రావడానికి ఇరవై ఎనిమిదేళ్లు పట్టింది.

సర్వీసులో ఉండగా నేను మరొక శాఖ ఉత్తర్వు చూసి ఒక ముసాయిదాలో వాక్యం యథాతథంగా దించాను. ఆ ఒక్క వాక్యం వల్ల ఒక వితంతువు కుటుంబ పింఛను కోసం ఎనిమిది నెలలు తిరిగింది. తప్పు నాదే. అందుకే పరాయి దేశపు మాట అరువు తెచ్చుకునే ముందు, అక్కడ అది ఎవరికి మేలు, ఎవరికి కీడు చేసిందో స్వయంగా వెళ్లి విచారించిన రావు గారంటే నాకు గౌరవం. అంత జాగ్రత్తపరుడి చేతిలోనూ అన్నీ ముందే తెలియవన్నది మనం నేర్వవలసిన రెండో పాఠం.

రావు గారు బర్మా రాజ్యాంగ రచనకూ తోడ్పడ్డారు. 1950 జూన్‌లో కొరియా యుద్ధం మొదలైనప్పుడు భద్రతా మండలి అధ్యక్షస్థానంలో ఉన్నారు. 1952లో హేగ్ అంతర్జాతీయ న్యాయస్థానంలో న్యాయమూర్తి అయ్యారు. ఆ పదవిలో ఉండగానే 1953 నవంబరు 30న జూరిచ్‌లో కన్నుమూశారు.

ఏటా జనవరి 26న జెండాకు వందనం చేసేటప్పుడు, ఆ ఫైలును మొదట పుటప్ చేసిన వారిని కూడా ఒక్కసారి తలచుకుందాం.