మౌలానా అబుల్ కలాం ఆజాద్

మౌలానా ఆజాద్ గారి పేరు వినని వారు మనలో ఉండరు. అయితే స్వాతంత్ర్యం తెచ్చిన నాయకులలో ఒకరని చెప్పి ఊరుకుంటే, ఆయన జీవితంలో సగమే చెప్పినట్టు. వచ్చిన స్వాతంత్ర్యం చట్టరూపం దాల్చి, చదువుగా ప్రతి ఇంటికీ చేరాలని పాటుపడడం మిగతా సగం.

ఆయన 1888 నవంబరు 11న మక్కాలో జన్మించారు. తండ్రి మౌలానా ఖైరుద్దీన్ గారు కుటుంబంతో కలకత్తా వచ్చి స్థిరపడ్డారు. ఆజాద్ గారి చదువంతా ఇంటివద్దనే సాగింది. 1912లో 'అల్ హిలాల్' అనే ఉర్దూ వారపత్రిక పెట్టి, తోటి దేశవాసులతో కలిసి విదేశీ పాలనను ఎదిరించాలని ముస్లింలకు నచ్చచెప్పారు. ప్రభుత్వం ఊరుకుంటుందా? డిపాజిట్లు జప్తుచేసి పత్రిక మూయించింది. 1916లో ఆయనను బెంగాల్ నుంచి వెళ్ళగొట్టింది. తరువాత రాంచీలో నిర్బంధించింది. అక్కడా ఆయన చేతులు ముడుచుకు కూర్చోలేదు. 1917లో అంజుమన్ ఇస్లామియాను స్థాపించి, మదరసా పెట్టించారు.

విడుదలయ్యాక గాంధీజీతో కలిసి ఖిలాఫత్, సహాయ నిరాకరణ ఉద్యమాలలో పాల్గొన్నారు. 1923లో ఒకసారి, మళ్ళీ 1940 నుంచి 1946 వరకు కాంగ్రెసు అధ్యక్షులుగా ఉన్నారు. క్విట్ ఇండియా రోజుల్లో అహమద్‌నగర్ కోటలో బందీగా ఉండగా, కలకత్తాలో భార్య జులేఖా బేగం గారికి జబ్బు ముదిరింది. చూడడానికి అనుమతి కోరుతూ అర్జీ పెట్టుకోవడానికి ఆయన మనసు ఒప్పలేదు. 1943 ఏప్రిల్‌లో ఆమె కన్నుమూశారు. కడసారి చూపు కూడా దక్కలేదు.

ఇంత చేసినా దేశ విభజన ఆగలేదు. ఆయనకు అది తీరని దెబ్బ. అయినా 1947 అక్టోబరులో ఢిల్లీ జామా మసీదులో నిలబడి, భయపడి పారిపోవద్దు, ఈ దేశం మనది అని జనానికి ధైర్యం చెప్పారు.

ఆ ధైర్యానికి ఆధారం మాటలు మాత్రమే అయితే ఎన్నాళ్ళు నిలుస్తుంది? రాజ్యాంగ సభ 1949 నవంబరు 26న రాజ్యాంగాన్ని ఆమోదించింది. ఆ సభలో ఆజాద్ గారూ సభ్యులే. 1950 జనవరి 26న మన దేశం గణతంత్ర రాజ్యమైంది. మతంతో నిమిత్తం లేకుండా ఓటు, సమాన హక్కులు వచ్చాయి. అల్పసంఖ్యాకులు తమ విద్యాసంస్థలు తామే పెట్టి నడుపుకొనే హక్కు 30వ అధికరణంలో చేరింది.

ఇక చదువు సంగతి. 1951 జనాభా లెక్కల నాటికి దేశంలో చదువొచ్చినవారు నూటికి 18 మందే. తొలి విద్యామంత్రిగా ఆయన హయాంలోనే ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి., యు.జి.సి., సాహిత్య అకాడమీ ఏర్పడ్డాయి. 1958 ఫిబ్రవరి 22న మరణించేవరకు ఆ శాఖ ఆయనదే. 1992లో భారతరత్న ప్రకటించారు. 1998లో మన హైదరాబాదులో ఆయన పేరిట ఉర్దూ విశ్వవిద్యాలయం వెలిసింది.

హక్కు రాజ్యాంగం ఇచ్చింది. దాన్ని వాడుకోవడం మన వంతు. నిర్బంధంలో ఉన్న మనిషి మదరసా పెట్టించగా లేనిది, స్వేచ్ఛగా తిరుగుతున్న మనం మన పేటలో ఒక్క పిల్లవాడు, ఒక్క ఆడపిల్ల కూడా బడి మానకుండా చూసుకోలేమా?