బడిని కాలేజీ చేసిన మిల్లర్ దొర

జూన్ వచ్చేసరికి హోసూరు, కృష్ణగిరి వైపు మన మైనారిటీ స్కూళ్లలో రెండు రకాల దిగులు వినిపిస్తుంది. కొన్ని చోట్ల తెలుగు సెక్షనుకు పిల్లలు చాలడం లేదని దిగులు. ఇంకొన్ని చోట్ల పిల్లలు ఎక్కువై గదులు చాలడం లేదని, పక్క స్థలం తీసుకోవాలని ఆలోచన. ఈ రెండో రకం స్కూళ్లకు ఇంకో సందేహం కూడా ఉంటుంది. ఊరందరి పిల్లలూ వచ్చి చేరితే ఇది ఎవరి స్కూలు? ఎవరి కోసం పెట్టామో వాళ్లదిగానే మిగులుతుందా?

నూట యాభై ఏళ్ల కిందట మద్రాసులో ఒక క్రైస్తవ బడికి ఇదే సందేహం వచ్చింది. ఆ బడిని నలభై ఐదేళ్లు నడిపిన విలియం మిల్లర్ జీవితం ఈ వారం చెప్పుకుందాం. ఆయన పెంచిన ఆ సంస్థే ఇప్పటి మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ. మన వాళ్లు చాలామందికి ఆ పేరు తెలుసు, తాంబరంలో చెట్ల మధ్య ఉన్న కాలేజీగా తెలుసు. దాని వెనక ఉన్న మనిషి సంగతి తక్కువ తెలుసు.

ముందు బడి సంగతి. 1835లో ఎగ్మూరులో స్కాట్లాండ్ చర్చి పాదరీలు మగపిల్లలకు ఒక చిన్న పాఠశాల పెట్టారు. 1837లో జాన్ ఆండర్సన్ అనే మిషనరీ వచ్చి దాన్ని అర్మీనియన్ వీధిలోకి మార్చి, 59 మంది పిల్లలతో కొత్తగా మొదలుపెట్టాడు. మరుసటి ఏడే పెద్ద పరీక్ష ఎదురైంది. అంటరానివాళ్లుగా చూసే కులాల పిల్లలు కొందరు బడిలో చేరారు. వాళ్లను తీసేస్తే తప్ప మా పిల్లలను పంపమని పెద్ద కులాల వాళ్లు పట్టుబట్టారు. ఆండర్సన్ తీసెయ్యలేదు. చాలామంది బడి మానేశారు. బడి నిలబడుతుందా అన్న భయం పట్టుకున్నా ఆయన మాట మార్చుకోలేదు. కొంతకాలానికి పిల్లలు మెల్లగా తిరిగి వచ్చారు. ఈ సంగతి చెప్పకుండా మిల్లర్ కథలోకి వెళ్లడం మాకు ఇష్టం లేదు, ఎందుకంటే ఆ తరవాత కట్టిన గోడలన్నీ ఆ పునాది మీదివే.

1855లో ఆండర్సన్ పోయాడు. బడి డీలా పడింది. అలాంటి సమయంలో, 1862 డిసెంబరులో, ఇరవై నాలుగేళ్ల మిల్లర్ మద్రాసులో ఓడ దిగాడు. ఆయన పుట్టింది 1838లో, స్కాట్లాండుకు ఉత్తరపు కొసన ఉన్న థర్సో అనే రేవు ఊరిలో. చదివింది అబెర్డీన్‌లో, ఎడింబరోలో. కలిగిన కుటుంబం. పెళ్లి చేసుకోలేదు. వచ్చిన కొద్దికాలానికే బడి భారమంతా ఆయన భుజాల మీద పడింది.

అప్పటి మద్రాసు రాజధానిలో హోసూరు సేలం జిల్లాలో ఒక తాలూకా. యూనివర్సిటీ 1857లో మొదలైంది కనుక ఇంకా కొత్త. మెట్రిక్యులేషన్ పాసైన కుర్రాడు పైకి చదవాలంటే ఉన్న కాలేజీలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. మన వైపు పిల్లలకైతే మద్రాసు కన్నా బెంగుళూరే దగ్గర. తొరపల్లిలో పుట్టిన రాజాజీ కూడా హోసూరు బడి తరవాత బెంగుళూరు వెళ్లి, ఆ తరవాతే మద్రాసు చేరాడు.

మిల్లర్ చూపు అక్కడే పడింది. బడి దాకా చెప్పి వదిలేస్తే, పిల్లవాడి మనసు పండే వయసులో వాణ్ని ఇంకొకరికి అప్పగించినట్టే అని ఆయనకు తోచింది. 1865లో కాలేజీ తరగతులు తెరిచాడు. స్కాట్లాండులో డబ్బిచ్చే సంఘం వాళ్లకు ఇది అంతగా రుచించలేదు. సువార్త చెప్పడానికి పంపితే బి.ఏ. పాఠాలేమిటని వాళ్ల అనుమానం. మిల్లర్ వెనక్కి తగ్గలేదు సరే, ఆ తరవాత ఆయన చేసిన పని ఇంకా తెలివైనది. ఒక్క మిషన్ ఖర్చుతో మంచి కాలేజీ నడవదని గ్రహించి, ఇంగ్లీషు చర్చి మిషన్‌నూ, వెస్లియన్లనూ, తమకు పోటీ అయిన పాత స్కాట్లాండ్ చర్చినీ కూడగట్టాడు. ఒకరి గుడిలో ఒకరు అడుగుపెట్టని రోజులవి. తలా ఒక చిన్న కాలేజీ పెట్టుకుని అందరూ నీరసపడే బదులు అందరూ కలిసి ఒకటే గట్టిగా నడపాలన్నది ఆయన వాదం. 1877లో ఆ ఉమ్మడి సంస్థ మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ అయింది. ఒకే తాలూకాలో రెండు మూడు తెలుగు సంఘాలు వేరువేరుగా అవస్థ పడుతున్న చోట ఈ సంగతి చదివితే ఏమనుకుంటారో మేం ఊహించగలం.

ఎస్ప్లనేడ్ మీద, ఇప్పుడు హైకోర్టు ఉన్న చోటికి ఎదురుగా, భవనాలు ఒకదాని పక్కన ఒకటి లేచాయి. అందులో మిల్లర్ సొంత సొమ్ము చాలా ఉంది. ఇంటి ఆస్తి తెచ్చి ఇటుకల్లో, సున్నంలో పోశాడని చెప్పడం అతిశయం కాదు. తరగతి గదులతో ఆగలేదు. దూరపు జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు జార్జిటౌను సందుల్లో పూటకూళ్ల ఇళ్లలో తింటూ, ఎక్కడో వరండాల్లో పడుకుంటూ చదువుకోవడం ఆయన చూశాడు. వాళ్ల కోసం హాస్టళ్లు కట్టించాడు. దక్షిణాదిలో కాలేజీకి హాస్టలు ఉండాలన్న ఆలోచన నాటుకోవడానికి ఆ హాస్టళ్లు పెద్ద కారణం. 1883లో కాలేజీ పత్రిక మొదలైంది. చర్చా సంఘాలు, ఆటలు వచ్చాయి. పాఠం అయిపోగానే ఇంటికి పోయే చోటు కాకుండా, కుర్రాళ్లు కలిసి బతికే చోటు చెయ్యాలన్నదే ఆయన పట్టుదల.

ఇక అసలు చిక్కు. రోజూ ఒక గంట బైబిలు పాఠం, అందరూ వినాల్సిందే. కానీ వినేవాళ్లలో ఎక్కువమంది హిందువులు, వాళ్లలోనూ బ్రాహ్మణుల పిల్లలే చాలా. మతం మారినవాళ్లు బహు కొద్దిమంది. స్కాట్లాండు నుంచి ప్రశ్న రానే వచ్చింది: ఇంత డబ్బు పోసి ఎవరిని తయారుచేస్తున్నారు? మిల్లర్ జవాబు ఆ రోజులకు విడ్డూరమైనది. తలలు లెక్కపెట్టడం తన పని కాదని, ఒక సమాజం మొత్తం ఆలోచించే తీరులో మార్పు రావడమే తాను కోరేదని, అది పిండిలో పులుపులా నెమ్మదిగా ఎక్కుతుందని ఆయన నమ్మకం. మిషనరీల్లోనే చాలామంది దీన్ని ఒప్పుకోలేదు. ఇటు మద్రాసులోనూ అనుమానం తక్కువేం కాదు. మతమార్పిడి మీద రేగిన కలతలో ఒకసారి విద్యార్థులు తరగతులు మాని బయటికి వచ్చారు. 1889లో నగరంలో హిందూ థియలాజికల్ హైస్కూలు పుట్టింది. అటు సొంత వాళ్లకు చాలినంత క్రైస్తవుడు కాదు, ఇటు ఊరి వాళ్లకు మరీ క్రైస్తవుడు. నలభై ఐదేళ్లూ ఆయన ఈ రెండింటి మధ్యే నడిచాడు.

అయితే ఆ బైబిలు గంట అందరికీ ఒకేలా పని చెయ్యలేదు. తిరుత్తణిలో తెలుగింట పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1904లో ఆ కాలేజీలో చేరాడు. హిందూ మతం మీద అక్కడ విన్న విమర్శ ఆయన్ను కుదిపింది, వేదాంతం లోతుగా చదివించింది. ఎం.ఏ.కు రాసిన వ్యాసం వేదాంతంలోని నీతిశాస్త్రం మీద. ఆ వ్యాసాన్ని మెచ్చుకున్నవాడు అక్కడి క్రైస్తవ అధ్యాపకుడు హాగ్. మచిలీపట్నం నుంచి వచ్చిన రఘుపతి వెంకటరత్నం నాయుడు మరో దారి పట్టాడు. మిల్లర్‌ను గురువుగా తలచిన ఆయన బ్రహ్మసమాజంలో చేరి, కాకినాడ పిఠాపురం రాజా కాలేజీకి ప్రిన్సిపాలై, ఆడపిల్లలకు కాలేజీ తలుపులు తెరిచాడు. దళిత విద్యార్థులను చేరదీశాడు. కొండా వెంకటప్పయ్య, పట్టాభి సీతారామయ్య కూడా ఆ కాలేజీ గుమ్మం దాటినవాళ్లే. మిల్లర్ లెక్కలో వీళ్లు ఎటు చేరతారో మేం చెప్పలేం. క్రైస్తవులు మాత్రం కాలేదు.

మన పేజీ చదివేవాళ్లకు ఇంకో విషయం నచ్చుతుంది. పాఠాలు ఇంగ్లీషులో సాగినా, ఆ కాలేజీలో దేశభాషల పండితులకు మర్యాద ఉండేది. మన వేదం వేంకటరాయశాస్త్రి గారు అక్కడ రెండు దశాబ్దాలకు పైగా సంస్కృత పండితులు. ప్రతాపరుద్రీయం వెలువడింది ఆ ఉద్యోగంలో ఉండగానే. తమిళం చెప్పిన సూర్యనారాయణ శాస్త్రి గారిని తమిళులు పరిదిమార్ కలైజ్ఞర్ అని తలుచుకుంటారు, తమిళానికి ప్రాచీన భాష హోదా కావాలని మొదట అడిగినవాళ్లలో ఆయన ఒకడు. ఒకే కప్పు కింద ఇద్దరూ.

1882లో వేసిన హంటర్ విద్యా కమిషన్‌లో మిల్లర్ సభ్యుడు. సర్కారు అన్ని బళ్లూ తానే నడపకుండా, నడిపేవాళ్లకు గ్రాంటు ఇచ్చి పైనుంచి చూసుకోవాలన్నది ఆయన ఎప్పటి నుంచో వాదిస్తున్న మాట. కమిషన్ ప్రైవేటు కృషిని ప్రోత్సహించమంది గాని, సర్కారు వదిలే చోటు మిషన్ల చేతికి పోకూడదని కూడా అంది. మిల్లర్‌కు దక్కింది సగం గెలుపే. ఈ రోజు మన ఎయిడెడ్ స్కూలు మాస్టారికి జీతం వచ్చే పద్ధతికి మూలం 1854 నాటి వుడ్ ఆదేశాల్లో ఉంది. దాన్ని మద్రాసులో గట్టిగా పట్టుకున్నవాళ్లలో ఈయన ముందువరస. రాజ్యాంగం 30వ అధికరణం మత మైనారిటీలను, భాషా మైనారిటీలను ఒకే వాక్యంలో పెట్టింది. క్రైస్తవ స్కూలు పోరాడి తెచ్చుకున్న తీర్పు తెలుగు స్కూలుకు అక్కరకు రావడం అందువల్లే.

పదవులు ఆయనకు తరవాత వరసగా వచ్చాయి. మద్రాసు శాసన మండలి సభ్యత్వం, 1896లో తన చర్చికి మోడరేటర్ పదవి, 1901లో మద్రాసు యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్ పదవి. అదే ఏడు పాత విద్యార్థులు బతికుండగానే ఆయనకు విగ్రహం పెట్టారు. 1907లో పదవి వదిలి స్కాట్లాండు వెళ్లాడు. చివరి రోజుల్లో చూపు పోయింది. 1923లో కన్నుమూశాడు. ఆ తరవాత రెండేళ్లకు, ఒకప్పుడు ఆయన కూర్చున్న వైస్ ఛాన్సలర్ కుర్చీలో శిష్యుడు వెంకటరత్నం నాయుడు కూర్చున్నాడు.

ఎస్ప్లనేడ్‌లో మళ్లీ చోటు చాలలేదు. ఈసారి పక్క స్థలం కొనడానికి పక్కన స్థలమే లేదు. ప్రభుత్వం సేలైయూరు అడవిలో ఇచ్చిన దాదాపు 390 ఎకరాల్లోకి, తాంబరానికి, కాలేజీ 1937లో తరలింది. ఆండర్సన్ బడి మొదలై సరిగ్గా నూరేళ్లు. చిన్నపిల్లల బడి మాత్రం వెంటనే కదలలేదు. 1950లో అది చేట్‌పట్టుకు మారింది, ఇప్పటికీ అక్కడే నడుస్తోంది. పాత చోట ఆండర్సన్ పేరున చర్చి ఒకటి మిగిలింది. హైకోర్టు పని మీద ఈసారి ప్యారిస్ కార్నరు వెళ్లినవాళ్లు రోడ్డుకు ఇవతలి వైపు చూడండి, కనిపిస్తుంది.